కేర్ హోమ్‌లో ఉండే పెద్దవాళ్ళకి రక్తం గడ్డకట్టే ప్రమాదం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమ్మనో నాన్ననో కేర్ హోమ్‌లో ఉంచినవాళ్ళు, అక్కడ డ్యూటీ చేసేవాళ్ళు ఇవే సందేహాలు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు, అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోండి. మందు మొదలుపెట్టడం, ఆపడం, డోసు మార్చడం మాత్రం ఆ మనిషిని చూస్తున్న డాక్టరే చెప్పాలి.

## ముందుగా తెలుసుకోవాల్సినవి

కాల్లో క్లాట్ అంటే అసలేంటి? అంత ప్రమాదమా?

కాలి లోపల కండరాల మధ్య ఉండే పెద్ద సిరల్లో రక్తం గడ్డకడితే దాన్ని డీవీటీ అంటారు. గడ్డ కాల్లోనే ఉండిపోతే వాపు, నొప్పి వస్తాయి. అసలు భయం ఏంటంటే, అందులోంచి ఒక ముక్క ఊడి రక్తంతో పాటు గుండెలోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి రక్తనాళానికి అడ్డం పడొచ్చు. దాన్ని పల్మనరీ ఎంబాలిజం అంటారు. ముక్క చిన్నదైతే ఆయాసం, పెద్దదైతే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. టైమ్‌కి పట్టుకుంటే మందులతో బాగా నయమయ్యే జబ్బే ఇది, అందుకే ఆలస్యం చేయొద్దని ఇంతగా చెప్పేది.

గుండెపోటు, పక్షవాతం తెచ్చే క్లాటూ ఇదీ ఒకటేనా? అమ్మ ఆస్పిరిన్ వేసుకుంటోంది కదా?

ఒకటి కాదు. గుండెపోటు, చాలా రకాల పక్షవాతం ధమనుల్లో వచ్చే అడ్డంకి వల్ల వస్తాయి, అక్కడ ప్లేట్‌లెట్ల పాత్ర ఎక్కువ, ఆస్పిరిన్ పనిచేసేది వాటి మీదే. కాలి సిరల్లో రక్తం నెమ్మదించి గడ్డకట్టే తీరు వేరు. కాబట్టి ఆస్పిరిన్ వేసుకుంటున్నారు, ఇక కాల్లో క్లాట్ రాదులే అని ధీమాగా ఉండకండి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పడం వల్ల ఇప్పటికే అపిక్సబాన్, వార్ఫరిన్ లాంటి బ్లడ్ థిన్నర్లు, అంటే రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు, వాడుతున్నవాళ్ళకి మాత్రం ఆ మందు కాలి క్లాట్ నుంచి కూడా చాలావరకు కాపాడుతుంది.

వయసు పెరిగితే అందరికీ ఉండే రిస్కే కదా, కేర్ హోమ్ అని ప్రత్యేకంగా ఎందుకు?

వయసు పెద్ద కారణమే. పెద్దవాళ్ళందరినీ కలిపి చూస్తే ఏడాదికి సుమారు 1000 మందిలో ఒకరికి ఈ క్లాట్లు వస్తాయి, 80 దాటినవాళ్ళలో అది దాదాపు 100 మందిలో ఒకరి దాకా పెరుగుతుంది. ఇక కేర్ హోమ్‌కి వచ్చేదే నడక తగ్గినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, డిమెన్షియా, గుండె బలహీనత, క్యాన్సర్, తుంటి విరగడం లాంటివి ఉన్నవాళ్ళు. రిస్కులన్నీ ఒకే మనిషిలో పోగుపడతాయి.

రక్తం గడ్డకట్టడానికి మూడు దారులున్నాయి: రక్తం కదలకుండా నిలిచిపోవడం, రక్తనాళం లోపలి పొర దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం. 19వ శతాబ్దపు జర్మన్ డాక్టర్ రుడాల్ఫ్ విర్చో పేరు మీద ఇప్పటికీ వీటిని కలిపి చెబుతారు. మనం నడిచినప్పుడల్లా పిక్క కండరం బిగిసి సిరని నొక్కి రక్తాన్ని పైకి తోస్తుంది, కదలిక లేకపోతే ఆ తోపుడే ఉండదు. ఇన్ఫెక్షన్, క్యాన్సర్, ఆపరేషన్ రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతాయి. తుంటి విరిగిన మనిషిలో ఈ మూడూ ఒకేసారి ఉంటాయి.

అయితే మంచం మీద ఉన్న అందరికీ ముందుజాగ్రత్తగా బ్లడ్ థిన్నర్ ఇచ్చేయొచ్చు కదా?

వినడానికి సబబుగానే ఉంటుంది కానీ, అలా ఇవ్వరు. అమెరికన్ సొసైటీ ఆఫ్ హెమటాలజీ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా నర్సింగ్ హోమ్‌లో దీర్ఘకాలిక జబ్బులతో ఉన్నవాళ్ళకి మామూలుగా ఈ మందులు ఇవ్వకపోవడమే మేలని సూచించాయి. గట్టి ఆధారాలు తక్కువే అని కూడా అవే మార్గదర్శకాలు ఒప్పుకున్నాయి. కారణం సూటిగానే ఉంది. కదలలేకపోవడం వారమో నెలో ఉండేది కాదు, ఏళ్ళ తరబడి ఉంటుంది, అన్నేళ్ళూ మందు ఇస్తే కడుపులోనో తలలోనో రక్తస్రావం అయ్యే ప్రమాదం కూడా అన్నేళ్ళూ ఉంటుంది. పెద్ద వయసులో, మూత్రపిండాలు మందగించినప్పుడు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. హాస్పిటల్ నుంచి వచ్చిన కొత్తలో, ఎముక విరిగినప్పుడు, కొత్తగా తీవ్రమైన జబ్బు చేసినప్పుడు లెక్క మారుతుంది, అప్పుడు డాక్టర్‌ని తప్పకుండా అడగండి.

## రోజువారీ జాగ్రత్తలు

నాన్నగారు మంచం మీద లేరు, రోజంతా కుర్చీలో కూర్చుంటారు. అది చాలదా?

చాలదు. కుర్చీలో మోకాళ్ళు మడిచి, కాళ్ళు కిందికి వేలాడేసి గంటలు గంటలు కూర్చుంటే కాలి రక్తం కిందే ఆగిపోతుంది. పొద్దున కుర్చీలోకి దించి సాయంత్రం మంచం మీదికి మార్చడాన్ని కదలిక అనలేం. నడవగలిగితే గంటకో రెండు గంటలకో ఒకసారి లేపి, బాత్రూమ్ దాకానో కిటికీ దాకానో నడిపించండి. నడవలేకపోతే కూర్చున్న చోటే పాదాన్ని పైకి కిందికి ఆడించడం, మడమ ఆనించి వేళ్ళు ఎత్తడం, మోకాలు చాచడం చేయించండి. తనంతట తాను చేయలేని మనిషికి ఫిజియోథెరపిస్ట్ చూపించిన పద్ధతిలో సిబ్బంది చేయించాలి. ఇలా చేస్తే క్లాట్ రానే రాదని హామీ ఏం లేదు, కానీ కండరం నిలబడుతుంది, పుండ్లు తగ్గుతాయి, మనిషి హుషారుగా ఉంటారు. "ఈ రోజు ఎన్నిసార్లు లేపారు?" అని కుటుంబం మర్యాదగా అడగడంలో తప్పేం లేదు, అడిగితేనే అది కేర్ ప్లాన్‌లోకి ఎక్కుతుంది.

నీళ్ళు తక్కువ తాగితే క్లాట్ వస్తుందా?

ఒంట్లో నీరు తగ్గితే రిస్క్ పెరుగుతుంది. పెద్ద వయసులో దాహం సరిగ్గా తెలియదు, మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వస్తుందని కొందరు కావాలనే తాగడం మానేస్తారు. గ్లాసు పక్కన పెట్టి వెళ్ళిపోతే లాభం లేదు, చేతికి అందించి తాగేదాకా ఉండాలి. గుండె బలహీనత, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి మాత్రం రోజుకి ఎంత నీరు అనేది డాక్టరే చెబుతారు.

బిగుతు మేజోళ్ళు, అవే కంప్రెషన్ స్టాకింగ్స్, కొనిచ్చాను. వేస్తే సరిపోతుందా?

డాక్టరో నర్సో కాళ్ళు చూసి చెప్పకుండా వేయొద్దు. పక్షవాతంతో కదలలేని రోగుల మీద జరిగిన క్లాట్స్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 2009లో వచ్చాయి, తొడ దాకా ఉండే మేజోళ్ళు వాళ్ళలో క్లాట్లు తగ్గించలేదు, పైగా చర్మం పగలడం, పుండ్లు పడటం పెరిగాయి. కాలి ధమనుల్లో రక్తప్రసరణ తక్కువగా ఉన్నవాళ్ళకి, షుగర్ వల్ల పాదాల స్పర్శ పోయినవాళ్ళకి ఇవి నిజంగా ప్రమాదం. వేయమని చెప్పి ఉంటే సరైన సైజు కొలిచి తీసుకోవాలి, పైఅంచు చుట్టుకుపోయి కట్టులా బిగుసుకోకుండా చూడాలి, రోజూ విప్పి చర్మం చూడాలి.

ఇప్పటికే వాడుతున్న మందుల్లో ఏవైనా రిస్క్ పెంచుతాయా?

కొన్ని పెంచుతాయి. రొమ్ము క్యాన్సర్‌కి వాడే టామాక్సిఫెన్, ఎముకల బలానికి వాడే రాలోక్సిఫెన్, ఈస్ట్రోజెన్ మాత్రలు, కొన్ని క్యాన్సర్ మందులు ఇందులోకి వస్తాయి. డిమెన్షియాలో చిరాకు, అరుపులు తగ్గించడానికి ఇచ్చే యాంటీసైకోటిక్ మందులు వాడేవాళ్ళలో కూడా క్లాట్లు ఎక్కువగా కనిపించాయి, అవి మనిషిని మగతలో ఉంచి కదలిక కూడా తగ్గిస్తాయి. మీరే ఆపేయకండి. "ఇది ఇంకా అవసరమా, డోసు తగ్గించొచ్చా?" అని మందుల రివ్యూ అడగండి.

కాళ్ళు నొక్కితే, మసాజ్ చేస్తే మంచిదేనా?

మామూలుగా ఉన్న కాళ్ళకి మెల్లగా రాస్తే హాయిగా ఉంటుంది, ఇబ్బంది లేదు. కానీ ఒక కాలు కొత్తగా వాచినా, పిక్క నొప్పి పుట్టినా ఆ కాలిని నొక్కొద్దు, పిసకొద్దు. లోపల గడ్డ ఉంటే ముక్క ఊడే ప్రమాదం ఉంది. ముందు డాక్టర్‌కి చూపించండి.

## హాస్పిటల్ నుంచి తిరిగొచ్చాక

తుంటి ఆపరేషన్ అయి హోమ్‌కి తిరిగొచ్చేశారు. ఇక గండం గడిచినట్టే కదా?

ఇంకా గడవలేదు, నిజానికి బాగా కనిపెట్టి ఉండాల్సిన రోజులు ఇవే. క్లాట్లలో సగానికి పైగా హాస్పిటల్‌లో ఉన్నప్పుడో, డిశ్చార్జి అయిన 90 రోజుల లోపో వస్తాయి. తుంటి ఆపరేషన్ తర్వాత క్లాట్ రాకుండా హెపారిన్ జాతి ఇంజెక్షన్‌నో మాత్రనో సాధారణంగా 4, 5 వారాల పాటు, అంటే 35 రోజుల దాకా కొనసాగిస్తారు. హాస్పిటల్‌లో ఉండేది వారం పది రోజులే కాబట్టి మిగతా కోర్సు అంతా హోమ్‌లోనే నడవాలి. సరిగ్గా ఇక్కడే మందు జారిపోతుంది: చీటీలో ఉంటుంది, హోమ్ మందుల షీట్‌లోకి ఎక్కదు, లేదా వారానికి సరిపడా పంపిస్తారు, అయిపోయాక ఎవరూ అడగరు.

డిశ్చార్జి రోజు ఏం అడగాలి?

నాలుగు సంగతులు రాయించుకోండి, నోటిమాట చాలదు. క్లాట్ రాకుండా మందు ఇచ్చారా, ఇస్తే దాని పేరు, డోసు ఏంటి? ఆఖరి డోసు ఏ తేదీన? ఇంజెక్షన్ అయితే హోమ్‌లో ఎవరు వేస్తారు? పాత మందుల్లో ఏది ఆపారు, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి? చివరిది చాలామంది మర్చిపోతారు. ఆపరేషన్ కోసం తాత్కాలికంగా ఆపిన బ్లడ్ థిన్నర్ మళ్ళీ మొదలుపెట్టకపోవడం వల్ల, లేదా పాతదీ కొత్తదీ రెండూ కలిపి ఇవ్వడం వల్ల పెద్ద అనర్థాలు జరుగుతాయి.

ఆపరేషన్ ఏం లేదు, నిమోనియాకి నాలుగు రోజులు అడ్మిట్ అయ్యారంతే. అయినా రిస్క్ ఉందా?

ఉంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్ రక్తాన్ని గడ్డకట్టే వైపు నెడుతుంది, దానికి తోడు ఆ నాలుగు రోజులూ మంచం దిగి ఉండరు, తిండి, నీళ్ళు సరిగ్గా ఉండవు. ఇలాంటి వాళ్ళకి సాధారణంగా హాస్పిటల్‌లో ఉన్నంతవరకే నివారణ మందు ఇస్తారు. తిరిగొచ్చాక రోజూ స్నానం చేయించేటప్పుడో బట్టలు మార్చేటప్పుడో రెండు కాళ్ళూ పోల్చి చూడటం అలవాటు చేసుకోవాలి.

## అనుమానం వచ్చినప్పుడు

అమ్మకి రెండు కాళ్ళూ ఎప్పుడూ వాచే ఉంటాయి. క్లాట్ అని ఎలా తెలుస్తుంది?

రెండు కాళ్ళూ సమానంగా, సాయంత్రానికి పెరిగి పొద్దున తగ్గే వాపు ఎక్కువగా గుండె, కిడ్నీ, సిరల బలహీనత వల్లో బీపీ మాత్రల వల్లో వస్తుంది. క్లాట్ సాధారణంగా ఒక కాలికే వస్తుంది: కొత్త వాపు, పిక్కలోనో తొడలోనో నొప్పి, ముట్టుకుంటే వేడి, చర్మం రంగు మారడం. ముదురు రంగు చర్మం మీద ఎరుపు సరిగ్గా కనిపించకపోవచ్చు, కాబట్టి రంగు మీద ఆధారపడకుండా చేత్తో ముట్టుకుని రెండో కాలితో పోల్చండి. ఎప్పుడూ వాచే కాళ్ళలో చూడాల్సింది తేడా. టేపుతో మోకాలి చిప్ప కింద ఉండే ఎముక గుబ్బ నుంచి 10 సెంటీమీటర్ల కిందికి గుర్తు పెట్టి రెండు పిక్కల చుట్టుకొలతా తీయండి, తేడా 3 సెంటీమీటర్లు దాటితే డాక్టర్లు దాన్ని సీరియస్‌గా తీసుకుంటారు. అంత తేడా లేకపోయినా మనిషి నొప్పి అంటుంటే వదిలేయొద్దు. హోమ్‌లో చేరిన రోజే ఆ కొలత రాసి పెట్టుకుంటే తర్వాత ఎంతో పనికొస్తుంది.

డిమెన్షియా ఉన్న మనిషి నొప్పి ఎక్కడో చెప్పలేరు. ఎలా కనిపెట్టాలి?

నడిచే మనిషి ఒక్కసారిగా నడవనని మొరాయించడం, ఒక కాలి మీద బరువు వేయకపోవడం, మేజోడు తొడుగుతుంటే కాలు వెనక్కి లాక్కోవడం, ముఖం చిట్లించడం, ఎప్పుడూ లేని గాభరా, అయోమయం, వేగంగా ఊపిరి తీసుకోవడం, ఉన్నట్టుండి పడిపోవడం. ఇలాంటివి కనిపిస్తే "డిమెన్షియా ముదిరింది" అని రాసేసే ముందు రెండు కాళ్ళూ చూడండి, నాడి, శ్వాస, ఆక్సిజన్ కొలవండి. ఆ మనిషిని రోజూ ముట్టుకుని, ఒళ్ళు తుడిచి, అన్నం తినిపించేవాళ్ళకి మార్పు అందరికంటే ముందు తెలుస్తుంది. "ఈ రోజు ఏదో తేడాగా ఉన్నారు" అని ఆయా చెబితే నర్సు, డాక్టరు ఆ మాటకి విలువ ఇవ్వాలి, ఇది నేను చాలా గట్టిగా నమ్ముతాను.

వెంటనే అంబులెన్స్ పిలవాల్సిన లక్షణాలు ఏంటి?

ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీల్చినప్పుడు గుచ్చినట్టు ఛాతీ నొప్పి, దగ్గులో రక్తం, స్పృహ తప్పడం, గుండె విపరీతంగా కొట్టుకోవడం, పెదాలు నీలంగా మారడం. ఇందులో ఏ ఒక్కటి వచ్చినా ముందు అంబులెన్స్, ఆ తర్వాతే కుటుంబానికి ఫోన్. ఆయాసం ఉంటే కూర్చోబెట్టి ఉంచండి, నడిపించొద్దు.

రాత్రి కాలు వాచినట్టు కనిపించింది. పొద్దున డాక్టర్ వచ్చేదాకా ఆగొచ్చా?

ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం ఏవీ లేకపోతే అంబులెన్స్ అవసరం పడకపోవచ్చు, కానీ ఆ రాత్రే ఫోన్ చేసి డాక్టర్‌కి చెప్పాలి, పరీక్ష ఎప్పుడు, అప్పటిదాకా మందు మొదలుపెట్టాలా అనేది ఆయన నిర్ణయిస్తారు. స్కాన్‌కి ఆలస్యమవుతుందనుకుంటే, అనుమానం బలంగా ఉన్నప్పుడు రిపోర్టు రాకముందే మందు మొదలుపెట్టడం మామూలే. వచ్చే వారం రౌండ్స్‌లో చూపిద్దాం అనడం మాత్రం పనికిరాదు.

## పరీక్షలు

డి-డైమర్ ఎక్కువ వచ్చింది. క్లాట్ ఉన్నట్టేనా?

అలా ఏం కాదు. శరీరంలో ఎక్కడైనా గడ్డ కరుగుతుంటే ఈ పదార్థం రక్తంలో పెరుగుతుంది, కానీ ఇన్ఫెక్షన్, క్యాన్సర్, దెబ్బ, ఆపరేషన్, ఆఖరికి వయసు వల్ల కూడా పెరుగుతుంది. అందుకే 50 దాటినవాళ్ళకి వయసుని 10తో గుణించి హద్దు పెట్టే పద్ధతి ఉంది: మామూలు హద్దు 500 ఉండే పరీక్షలో 80 ఏళ్ళ మనిషికి 800. ల్యాబ్ వాడే యూనిట్లు వేరైతే ఈ లెక్క కుదరదు. అనుమానం తక్కువగా ఉన్నప్పుడు రిపోర్టు నార్మల్ వస్తే క్లాట్ లేదని ధైర్యంగా ఉండొచ్చు, దీని అసలు ఉపయోగం అదే. ఎక్కువ వస్తే స్కాన్ చేయాలని మాత్రమే అర్థం.

ఈ వయసులో స్కాన్ అంటూ హాస్పిటల్‌కి తిప్పడం అవసరమా?

కాలికి చేసేది డాప్లర్ అల్ట్రాసౌండ్, సూది ఉండదు, నొప్పి దాదాపు ఉండదు, కాసేపట్లో అయిపోతుంది. ఊపిరితిత్తుల క్లాట్‌కి సీటీ స్కాన్ చేస్తారు, అందులో ఎక్కించే కాంట్రాస్ట్ మందు వల్ల కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్ళలో జాగ్రత్త పడాలి, వాళ్ళకి వీక్యూ స్కాన్ అనే మరో దారి ఉంది. స్కాన్ లేకుండా ఊహ మీద నెలల తరబడి బ్లడ్ థిన్నర్ ఇవ్వడం, లేదా క్లాట్ ఉన్నా ఇవ్వకపోవడం, రెండూ ప్రమాదమే. చివరి దశలో ఉన్న మనిషి విషయంలో మాత్రం, రిపోర్టు వల్ల చేసే వైద్యం ఏమైనా మారుతుందా అని డాక్టర్‌తో ముందే మాట్లాడుకోండి.

## మందు నడుస్తున్నప్పుడు

బ్లడ్ థిన్నర్ వేసుకుంటే గడ్డ కరిగిపోతుందా?

ఆ మందు గడ్డని నేరుగా కరిగించదు. గడ్డ పెరగకుండా, కొత్తది రాకుండా ఆపుతుంది, ఈలోపు శరీరమే దాన్ని మెల్లగా కరిగించుకుంటుంది. అందుకే కనీసం 3 నెలలు వాడాలి. ఆపరేషన్ లాంటి స్పష్టమైన కారణం ఉండి అది తొలగిపోతే 3 నెలలకి ఆపొచ్చు, కారణం తెలియకపోయినా, క్యాన్సర్ ఉన్నా, ఇంతకుముందు కూడా క్లాట్ వచ్చి ఉన్నా ఇంకా ఎక్కువ కాలం నడుస్తుంది. వాపు తగ్గిందని మధ్యలో ఆపేయకండి.

వార్ఫరిన్‌కీ కొత్త మాత్రలకీ తేడా ఏంటి?

వార్ఫరిన్‌కి తరచూ ఐఎన్ఆర్ అనే, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష చేసి 2 నుంచి 3 మధ్య ఉండేలా డోసు సరిచేయాలి. ఆకుకూరలు ఒక్కసారిగా ఎక్కువ తిన్నా మానేసినా, యాంటీబయాటిక్ మొదలుపెట్టినా ఆ అంకె మారిపోతుంది. హోమ్‌లో ఎవరికైనా ఇన్ఫెక్షన్‌కి మందు రాస్తే, వార్ఫరిన్ వాడుతున్నారని రాసే డాక్టర్‌కి గుర్తు చేయాలి. అపిక్సబాన్, రివరోక్సబాన్, డాబిగాట్రాన్, ఎడోక్సబాన్ లాంటి కొత్త మందులకి ఐఎన్ఆర్ అక్కర్లేదు, కానీ కిడ్నీ పరీక్ష అప్పుడప్పుడూ చేయాలి, బరువు తగ్గిపోతున్నా చెప్పాలి. అపిక్సబాన్ మొదటి 7 రోజులు, రివరోక్సబాన్ మొదటి 21 రోజులు ఎక్కువ డోసు ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. ఆ తేదీ మందుల షీట్ మీద పెద్దగా రాసి ఉండాలి.

మాత్ర మింగలేకపోతున్నారు. పొడి చేసి ఇవ్వొచ్చా?

అపిక్సబాన్, రివరోక్సబాన్ పొడి చేసి నీళ్ళలోనో మెత్తటి పండు గుజ్జులోనో కలిపి ఇవ్వొచ్చు. క్లాట్‌కి ఇచ్చే రివరోక్సబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్రలు భోజనంతోనే ఇవ్వాలి, ఖాళీ కడుపుతో సరిగ్గా ఒంటికి ఎక్కవు. డాబిగాట్రాన్ క్యాప్సూల్ మాత్రం విప్పకూడదు, విప్పితే మందు మోతాదుకి మించి ఒంట్లోకి వెళ్ళి రక్తస్రావం కావొచ్చు. ముక్కు గొట్టం, పొట్ట గొట్టం ఉన్నవాళ్ళకి ముందు ఫార్మసిస్ట్‌ని అడగండి.

ఒక డోసు మర్చిపోయారు. తర్వాత రెండూ కలిపి ఇవ్వాలా?

గుర్తొచ్చింది అదే రోజైతే అప్పుడే ఇచ్చి, తర్వాతి డోసు మామూలు టైమ్‌కి ఇవ్వండి. మర్నాటికి రెట్టింపు చేయొద్దు. డాబిగాట్రాన్‌కి, రివరోక్సబాన్ మొదటి మూడు వారాల్లో మాత్రం నియమం వేరు, కాబట్టి అప్పుడు ఫోన్ చేసి అడగండి. మర్చిపోయిన సంగతి షీట్‌లో రాయండి, దాస్తే వచ్చే నష్టమే ఎక్కువ.

నాన్నగారు తరచూ పడిపోతుంటారు. అయినా బ్లడ్ థిన్నర్ ఇవ్వొచ్చా?

పడిపోతారన్న ఒక్క కారణంతో మందు ఆపేయడం చాలాసార్లు తప్పు నిర్ణయం అవుతుంది. క్లాట్ ఉన్న మనిషికి, ముఖ్యంగా మొదటి 3 నెలల్లో, మందు లేకపోవడమే పెద్ద ముప్పు. ఇంతకుముందు తలలో రక్తస్రావం, కడుపులో పుండు, ప్లేట్‌లెట్లు బాగా తక్కువ ఉండటం లాంటివి ఉంటే లెక్క వేరు, అసలు మందు ఇవ్వలేని పరిస్థితిలో పొట్టలోని పెద్ద సిరలో ఫిల్టర్ పెట్టడం గురించి ఆలోచిస్తారు. పడిపోకుండా చూసే పని విడిగా చేయాలి: వెలుతురు, చెప్పులు, కళ్ళజోడు, మత్తు మందుల రివ్యూ. బ్లడ్ థిన్నర్ వాడే మనిషి పడి తలకి దెబ్బ తగిలితే, పైకి బాగానే ఉన్నా హాస్పిటల్‌కి పంపాలి, తల లోపల రక్తం మెల్లగా చేరి గంటల తర్వాత బయటపడొచ్చు.

మోకాళ్ళ నొప్పికి ఏ మాత్ర ఇవ్వాలి?

ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి బ్లడ్ థిన్నర్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం బాగా పెరుగుతుంది, ఇవ్వకండి. చూడటానికి వచ్చిన చుట్టాలు తెచ్చిచ్చే మాత్రలు కూడా నర్సు చూశాకే వేయాలి. సాధారణంగా పారాసిటమాల్ వాడతారు. వార్ఫరిన్ మీద ఉన్నవాళ్ళకి అది కూడా రోజుల తరబడి ఎక్కువ డోసులో ఇస్తే ఐఎన్ఆర్ పెరుగుతుంది, పరీక్ష చేయించాలి. మలం నల్లగా తారులా రావడం, మూత్రంలో రక్తం, ఆగని ముక్కు రక్తం కనిపిస్తే వెంటనే డాక్టర్‌కి చెప్పండి.

క్లాట్ ఉన్న కాలితో నడవొచ్చా? కదిలితే ముక్క ఊడుతుందేమో?

ఒకప్పుడు మంచం దిగొద్దనేవారు, ఇప్పుడు అలా చెప్పడం లేదు. మందు మొదలై, మనిషి నిలకడగా ఉంటే నొప్పి ఓర్చుకోగలిగినంత నడక మంచిదే. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెడితే వాపు తగ్గుతుంది.

## నెలలు గడిచాక

కోర్సు అయిపోయింది కానీ కాలు ఇంకా బరువుగా, వాచే ఉంది. మళ్ళీ క్లాటేనా?

కొందరిలో గడ్డ వల్ల సిరలోని కవాటాలు పాడై వాపు, బరువు, దురద, చీలమండ దగ్గర చర్మం నల్లబడటం మిగిలిపోతాయి, పుండ్లు కూడా పడొచ్చు. దీన్ని పోస్ట్ థ్రాంబోటిక్ సిండ్రోమ్ అంటారు, డీవీటీ వచ్చినవాళ్ళలో చాలామందికి ఏదో ఒక స్థాయిలో ఉంటుంది. ధమనులు బాగున్నాయని చూసుకున్నాక మేజోళ్ళు ఇక్కడ ఊరట ఇవ్వొచ్చు. వాపు ఒక్కసారిగా పెరిగితే మాత్రం పాతదేలే అనుకోకుండా మళ్ళీ స్కాన్ చేయించండి. ఊపిరితిత్తుల క్లాట్ వచ్చినవాళ్ళకి 3 నెలల మందు తర్వాత కూడా ఆయాసం తగ్గకపోతే గుండె, ఊపిరితిత్తుల పరీక్షలు అడగాలి.

అమ్మ చివరి రోజుల్లో ఉంది. ఈ మాత్రలూ సూదులూ ఇంకా అవసరమా?

ఇది అడగడానికి చాలామంది సంకోచిస్తారు, అడిగితే అమ్మని వదిలేస్తున్నామని ఎవరైనా అనుకుంటారేమోనని. అలా ఏం కాదు, అడగాల్సిన ప్రశ్నే. రోజులో, కొద్ది వారాలో మిగిలిన దశలో, మింగడమే కష్టమైనప్పుడు, రోజూ సూదితో ఒళ్ళు కమిలిపోతున్నప్పుడు, ఆ మందు వల్ల ఆమెకి ఇప్పుడు కలిగే మేలు ఎంత, పెట్టే బాధ ఎంత అని డాక్టర్‌తో కూర్చుని మాట్లాడి ఆపడం సరైన నిర్ణయమే కావొచ్చు. కాలు వాపు నొప్పిగా ఉంటే దానికి నొప్పి మందు ఇస్తారు, ఆయాసం వస్తే దానికీ మందులున్నాయి. ఆమె ముందే ఏం కోరుకుందో తెలిస్తే అది చెప్పండి, నిర్ణయం ఏదైనా కేర్ ప్లాన్‌లో రాయించండి, రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళకి కూడా తెలియాలి.